తిరుపతిలో కొన్న సువాసన వరి విత్తనం: అగ్గితెగులును తట్టుకుందా?

కిందటి ఆగస్టు మొదటి వారంలో తిరుపతిలోని ఒక విత్తనాల దుకాణంలో మూడు రకాల సువాసన వరి విత్తనం కొన్నాను. ఒకటి జీరగ సాంబ. చిత్తూరు వైపు, సరిహద్దు దాటితే వేలూరు, ఆంబూరు వైపు బిరియాని అనగానే అడిగే బియ్యం ఇదే. రెండవది చిట్టిముత్యాలు. మూడవది ఒక ప్రైవేటు కంపెనీ అయిదు కిలోల సంచుల్లో అమ్మే సన్నగింజ సుగంధ రకం. మొదటి రెండూ నాకు పాత పరిచయమే, తెగులు పడుతుందని తెలిసే కొన్నాను. మూడవదాన్ని మాత్రం దుకాణదారు మాట మీద కొన్నాను. "దీనికి అగ్గి పడదు సామీ, నాది పూచీ" అని ఆయన సంచిని అరచేత్తో రెండుసార్లు తట్టి మరీ చెప్పాడు. ఆ పూచీ ఎంతవరకు నిలిచిందో ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖికి దగ్గరలో ఉన్న మా పొలంలో నాలుగు నెలలు చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు గానీ కంపెనీ పేరు గానీ రాయడం లేదు. ఒక రైతు ఒకే పంటకాలంలో, పది సెంట్ల మడిలో చూసినదాన్ని పట్టుకొని ఒకరి వ్యాపారం మీద ముద్ర వేయడం న్యాయం కాదు.

ముందుగా సంచి సంగతి చెబుతాను. అయిదు కిలోలకు 475 రూపాయలు తీసుకున్నారు. అడగకుండానే లాట్ నంబరు వేసి బిల్లు ఇచ్చారు. పంట పోయాక బిల్లు లేనివాడి గోడు వినే నాథుడు ఉండడు కనుక ఇది చిన్న విషయం కాదు. సంచికి కుట్టిన చీటీ లేత ఆకుపచ్చ రంగుది, అంటే కంపెనీ తన బాధ్యత మీద అమ్మే ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనమే తప్ప, ధ్రువీకరణ సంస్థ పరీక్షించి నీలం చీటీ కట్టిన విత్తనం కాదు. మొలకశాతం కనీసం 80, భౌతిక స్వచ్ఛత కనీసం 98, తేమ 13 శాతానికి మించదు అని దాని మీద అచ్చువేశారు. వరికి విత్తన ప్రమాణాలు కోరే అంకెలు ఇవే. ఇంట్లో తడిగుడ్డలో వంద గింజలు చుట్టిపెడితే 91 మొలిచాయి. పొలంలో బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కనిపించాయి. ఇంతవరకు కంపెనీని వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే తెగులును తట్టుకుంటుందన్న మాట ఆ చీటీ మీద ఎక్కడా లేదు. సంచి ముందువైపు, బంగారు రంగు కంకుల బొమ్మ కింద, "తెగుళ్లను తట్టుకునే రకం" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఏ తెగులును, పైరు ఏ దశలో ఉండగా, ఎంతమేరకు తట్టుకుంటుందో సంచి చెప్పదు, అమ్మినాయనా చెప్పలేకపోయాడు.

అగ్గితెగులు మాగ్నపోర్తే ఒరైజే అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడతాయి. వాటి నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు ఉంటుంది. ముదిరితే మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, పేరుకు తగ్గట్టు, మడి తగలబడినట్టు కనిపిస్తుంది. అదే శిలీంధ్రం కణుపుల మీద, ఆ తరువాత వెన్ను, అంటే గింజలు పట్టే కంకి మెడ మీద కూడా పడుతుంది. మెడ మీద పడినప్పుడు మెడవిరుపు అంటాము. వెన్నుకు ఆహారం అందక గింజలు తాలుపోతాయి, వెన్ను అక్కడికి విరిగి వేలాడుతుంది. ఆకు మీద వచ్చినప్పుడు పైరు కోలుకొని కొత్త ఆకు వేయడానికి వ్యవధి ఉంటుంది, మెడ మీద వస్తే ఆ వ్యవధి ఉండదు. రాత్రి చలి 20 డిగ్రీల దగ్గరకు దిగి, గాలిలో తేమ 90 శాతం దాటి, పడిన మంచు పొద్దెక్కేదాకా ఆకు మీద ఆరకుండా ఉండి, దానికి తోడు యూరియా ఎక్కువ వేసిన మడి అయితే ఇక చెప్పనక్కరలేదు.

సువాసన రకాల విషయంలో మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. బియ్యానికి ఆ వాసన ప్రధానంగా 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. బీఏడీహెచ్2 అనే జన్యువు పని చేయని రకాల్లో ఈ పదార్థం గింజలో, ఆకులో పోగవుతుంది. గింజ పాలుపోసుకొని గట్టిపడే రోజులు చల్లగా ఉంటే వాసన నిలుస్తుంది, ఎండలు ముదిరాక కోతకు వచ్చే పంటలో తగ్గుతుంది. అందుకే మేము ఈ రకాలను రబీలో వేయకుండా, ఆగస్టులో నారు పోసి, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈనేటట్టు, అంటే వెన్ను బయటికి వచ్చేటట్టు చూసుకుంటాము. ఈశాన్య రుతుపవనాల ముసురు, దాని వెంటనే ధనుర్మాసపు మంచు పడేదీ సరిగ్గా అప్పుడే. వాసన కోసం మనం ఏ చలిని కోరుకుంటున్నామో శిలీంధ్రానికీ ఆ చలే కావాలి. నాటే కాలం మార్చి తెగులును తప్పించుకుందామంటే వాసన పోతుంది, వాసన లేని సువాసన బియ్యానికి మామూలు సన్నబియ్యం ధర కూడా రాదు. కాబట్టి తట్టుకునే గుణం రకంలోనే ఉండాలి. అది ఉందన్న మాటకే నేను 475 రూపాయలు ఇచ్చాను.

పది సెంట్లలో ఆ కంపెనీ రకాన్ని, పక్కన రెండేసి సెంట్లలో జీరగ సాంబను, చిట్టిముత్యాలను సెప్టెంబరులో నాటాను. అంతటితో ఊరుకుంటే తెగులు రాని ఏడాది అన్ని రకాలూ తట్టుకునేవిగానే కనిపిస్తాయి. తెగులును కావాలని రప్పించి చూస్తే తప్ప నిజం తేలదు. వరి పరిశోధన కేంద్రాల్లో దీనికోసం ప్రత్యేకంగా నారుమడి పోసి, అందులో పరీక్షించే రకాలను అగ్గితెగులుకు వదిలిపెడతారు. ఆ పద్ధతిని నాకు చేతనైనంతవరకు నవంబరు రెండవ వారంలో ఇంటి వెనుక స్థలంలో అమర్చాను. నాలుగడుగుల వెడల్పున ఎత్తు మడి కట్టి, ఒక్కొక్క రకాన్ని 50 సెంటీమీటర్ల వరుసగా, వరుసకూ వరుసకూ 10 సెంటీమీటర్ల ఎడంతో చల్లాను. మడి చుట్టూ, వరుసల నడుమ అక్కడక్కడా తెగులుకు సులువుగా లొంగే రకం ఉండాలి, శిలీంధ్రం అందులో పెరిగి మిగిలిన వరుసల మీదికి పోతుంది. పరిశోధన కేంద్రాల్లో ఇందుకు హెచ్ఆర్ 12, సీఓ 39 వంటి రకాలు వాడతారు. నేను పక్క రైతు దగ్గర ఉన్న సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 విత్తనం తెచ్చి వారం ముందే చల్లాను. తినడానికి దానికి సాటి లేదు గానీ అగ్గితెగులు ముందు అది నిలవదని అందరికీ తెలుసు. మరోవైపు పోలిక కోసం నెల్లూరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, మనం నెల్లూరు మసూరి అని పిలిచే రకాన్ని ఒక వరుస వేశాను.

ఆ తరువాత చేసినవన్నీ మామూలుగా ఏ రైతూ చేయకూడని పనులు. యూరియా మోతాదు మించి రెండు దఫాలు వేశాను. తెగులు పట్టిన ఎండు ఆకులను కత్తిరించి మడి మీద చల్లాను. సాయంత్రం నీళ్లు చిలకరించి, రాత్రంతా తడి నిలిచేలా పాలిథీన్ పట్టా కప్పి, పొద్దున్నే తీశాను. మా ఇంటావిడ రెండు రోజులు చూసి, "పైరుకు రోగం రావాలని ఇంత సేవ చేసేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నానండీ" అంది.

పద్దెనిమిదో రోజుకు బీపీటీ వరుసల్లో మొదటి నూలుకండె మచ్చలు కనిపించాయి, ఇరవై ఎనిమిదో రోజుకు చుట్టూ ఉన్న వరుసలు చాలావరకు మాడిపోయాయి. లొంగే రకం అంతగా మాడిన తరువాతనే మిగిలిన వాటికి అంకెలు వేయాలి, అంతకు ముందు వేస్తే మంచివీ చెడ్డవీ ఒకేలా కనిపిస్తాయి. అంకెలకు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కొలబద్ద ఉంది, 0 నుంచి 9 వరకు. మచ్చే లేకపోతే 0, సూదిమొనంత గోధుమరంగు చుక్కలు మాత్రమే ఉంటే 1, ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రని మచ్చలుంటే 2, అవే పై ఆకుల మీద కూడా ఎక్కువగా ఉంటే 3. మూడు మిల్లీమీటర్లో అంతకు మించో పొడవున్న అసలు నూలుకండె మచ్చ కనిపించిందంటే 4లోకి వెళ్లినట్టే. అక్కడి నుంచి ఆకులో ఎంత భాగం పోయిందన్నదాన్ని బట్టి అంకె పెరుగుతుంది, ముప్పాతిక భాగానికి మించి పోతే 9. చదివినప్పుడు సులువుగానే అనిపిస్తుంది. పొద్దున ఆరింటికి, చొక్కా చేతులు మంచుకు మోచేతుల దాకా తడుస్తుండగా, భూతద్దం పట్టుకొని 1కీ 2కూ తేడా చూడడం అంత సులువు కాదు. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి, మచ్చ నడుమ బూడిదరంగు తేలిందా లేక ఇంకా చుక్కగానే ఉందా అని చూడాలి. నాకు సందేహం కలిగిన ప్రతిచోటా ఎక్కువ అంకెనే వేశాను.

ఆకు విషయంలో కంపెనీ రకం నా అంచనాను మించింది. దాని వరుసలో చుక్కలు, అక్కడక్కడా చిన్న గుండ్రని మచ్చలు ఉన్నాయే తప్ప, నూలుకండె మచ్చ ఒక్కటీ లేదు. దానికి 2 వేశాను. రెండు పక్కలా బీపీటీ 7కు పోయి, కొసలు ఎండి వాలిపోతుంటే, నడుమ ఈ వరుస పచ్చగా నిలబడి ఉంది. నెల్లూరు మసూరికి 1 వచ్చింది, ఆశ్చర్యమేమీ లేదు. చిట్టిముత్యాలుకు 5, జీరగ సాంబకు 6 పడ్డాయి. ఈ అంకెలు నా ఒక్క మడివే, ఇంకో ఊళ్లో ఇంకో ఏడాది మారవచ్చు. అయినా ఆ రోజు దుకాణదారు మాట నిజమేనని నేను మనసులో ఒప్పుకున్నాను, ఇదే సమీక్ష అప్పుడు రాసి ఉంటే అయిదు నక్షత్రాలు ఇచ్చేవాణ్ని.

కానీ ఆ నారుమడికి వంద అడుగుల దూరంలో ఉన్న పది సెంట్ల పైరు అప్పటికే వేరే కథ చెప్పసాగింది. అది నవంబరు మూడవ వారంలో ఈనడం మొదలుపెట్టింది. వెన్నులు నూటికి అయిదు బయటికి వచ్చిన దశలో, లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున ట్రైసైక్లజోల్ కలిపి సగం మడికి కొట్టి, తక్కిన సగాన్ని కావాలనే వదిలేశాను. తరువాత అయిదు రోజులు ముసురు పట్టింది. డిసెంబరు రెండవ వారంలో, నారుమడిలో అంకెలు వేసిన రోజే, పొలంలోకి దిగి చూస్తే మందు కొట్టని సగంలో కొన్ని వెన్నులు నిటారుగా, తెల్లగా నిలబడి ఉన్నాయి. గింజ బరువుకు వంగవలసిన వెన్ను నిటారుగా ఉందంటేనే అనుమానించాలి. ఒకదాన్ని పట్టి ఒరను కిందికి ఒలిచి చూశాను. వెన్ను మొదలు దగ్గర, చిటికెనవేలి గోరంత మేర, నల్లబడిన పట్టీ ఉంది. గోటితో గీకితే పొడిలా రాలింది. పైనున్న గింజలు నొక్కితే ఖాళీగా పటపటలాడాయి. నాలుగు చోట్ల వంద వెన్నుల చొప్పున లెక్కపెట్టాను. మందు కొట్టని సగంలో సగటున నూటికి 22 వెన్నులకు, కొట్టిన సగంలో 6 వెన్నులకు మెడ మీద తెగులు ఉంది. జీరగ సాంబ ఇంకా వెన్ను బయటికి రాని పొట్టదశలోనే ఉంది కనుక దాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

ఆకు మీద 2 వచ్చిన రకం మెడ దగ్గర ఎందుకు లొంగింది? నారు దశలో ఆకు మీద వేసే అంకె మెడ గురించి పూర్తి భరోసా ఇవ్వదు, అందుకే పరిశోధన కేంద్రాలు ఆకు అగ్గిని, మెడవిరుపును విడివిడిగా కొలుస్తాయి. అదీ కాక, ఒక్క ప్రధాన జన్యువు ఇచ్చే తట్టుకునే గుణం శిలీంధ్రంలోని అన్ని తెగల మీదా పని చేయదు. ఆ జన్యువు గుర్తుపట్టగల తెగలనే అది ఆపుతుంది, మరో తెగ వచ్చినరోజు రకం చేతులెత్తేస్తుంది. అందుకే దేశంలోని అనేక కేంద్రాల్లో ఒకే రకాన్ని పరీక్షిస్తారు, ఒకచోట 2 వచ్చినది మరోచోట 6 రావడం అరుదు కాదు. ఈ విషయంలో బాస్మతి పెంపకందారులు చేసిన పని చూడదగినది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా బాస్మతి 1లోకి అగ్గితెగులును తట్టుకునే పీఐ9 అనే జన్యువును తెచ్చి 2016లో పూసా బాస్మతి 1637ను విడుదల చేసింది. 2021లో వచ్చిన పూసా బాస్మతి 1847, 1885, 1886 రకాల్లో పీఐ2, పీఐ54 అనే రెండు జన్యువులను కలిపి పెట్టారు, బ్యాక్టీరియా ఆకుఎండు తెగులుకు మరో రెండు జన్యువులు అదనం. వీటిలో పీఐ54 వియత్నాం రకమైన టెటెప్ నుంచి వచ్చింది. వాసన నిచ్చే గుణం అణగి ఉండే గుణం కనుక, తెగులు తట్టుకునే రకంతో ఒకసారి సంకరం చేస్తే మొదటి తరంలో అది మరుగున పడుతుంది. తిరిగి తిరిగి బాస్మతితోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలోనూ జన్యువు ఉందో లేదో చూసుకుంటూ పోవాలి. బాస్మతి పేరుతో పండించే హక్కు ఉత్తరాది ప్రాంతాలకే ఉంది గనుక ఈ రకాలు మనకు ఉపయోగపడవు. కానీ రకం పేరు పక్కనే ఏ జన్యువులు ఉన్నాయో చెప్పడం సాధ్యమేనని వాటిని చూస్తే తెలుస్తుంది. నేను కొన్న సంచి మీద రంగుల బొమ్మకు ఇచ్చిన చోటులో పదోవంతు ఇచ్చినా ఆ వివరం పట్టేది.

జనవరి మొదట్లో తెగులు పట్టిన పది వెన్నులు కాగితంలో చుట్టుకొని దుకాణానికి వెళ్లాను. దుకాణదారు వాటిని విప్పి చూసి నన్ను అడిగాడు.

"ఆకు మీద పడిందా సామీ?"

"ఆకు మీద లేదు, మెడ మీద పడింది."

"అట్లయితే ఇది అగ్గి కాదు సామీ, మెడవిరుపు. అది వేరే రోగం. నేను అగ్గి పడదనే కదా చెప్పినా."

నాకు కోపం రాలేదు. ఆయన తప్పించుకోవడానికి ఆ మాట అనలేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆయన ఒక్కడే కాదు, మా ఊళ్లో సగం మంది రైతులు అలాగే నమ్ముతారు, ఎందుకంటే మనం ఒకే శిలీంధ్రానికి ఆకు మీద ఒక పేరు, మెడ మీద ఒక పేరు పెట్టుకున్నాము. రెండూ ఒకటేనని చెప్పి, వెన్ను ఒలిచి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, అది ఆయన గొప్పతనం. అక్కడికక్కడే కంపెనీ ప్రతినిధికి ఫోను చేసి నా నంబరు ఇచ్చాడు. ఆ ప్రతినిధి నాలుగు రోజులకు ఫోను చేసి, "యూరియా ఎంత వేశారు సార్?" అని అడిగాడు. పొలంలో సిఫారసు మించి వేయలేదని, అతిగా వేసింది పరీక్ష మడిలోనేనని, అక్కడ ఆ రకం బాగానే నిలిచిందని చెప్పాను. వచ్చి చూస్తానన్నాడు, కోత అయ్యేదాకా రాలేదు. విత్తనం అమ్మినవాళ్లలో దుకాణదారుకు ఉన్న పట్టింపు కంపెనీకి లేదని నాకు అనిపించింది.

వాసన విషయంలో ఫిర్యాదు లేదు. పైరు పిలకల దశలో ఉండగానే ఆకుతో దీన్ని తేల్చవచ్చు. ఈ పద్ధతిని 1978లో సూద్, సిద్దిఖ్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. రెండు గ్రాముల పచ్చి ఆకును సన్నగా కత్తిరించి, 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పది మిల్లీలీటర్లు పోసి మూతపెట్టి, పది నిమిషాల తరువాత తీసి వాసన చూడాలి. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మా మేనల్లుడు ద్రావణం కలిపి తెచ్చాడు. మూత తీయగానే కంపెనీ రకానిది కమ్మగా వచ్చింది, జీరగ సాంబది అంతకంటే ఘాటుగా, బీపీటీది ఉత్త గడ్డి వాసన. కొత్త బియ్యం కావడంతో మొదటిసారి అన్నం కొంచెం ముద్దయింది గానీ, రెండు నెలలు ఆగి వండితే గింజ విడివిడిగా వచ్చింది. మా ఇంట్లో తీర్పు ఏమిటంటే, పులావుకు ఇది చాలు, బిరియానికి జీరగ సాంబే కావాలి.

మందు గురించి ఒక మాట చెప్పాలి. పైన చెప్పిన లెక్క చూసి, ఒక్కసారి కొడితే 22 కాస్తా 6కు దిగుతుంది కదా, రకం గురించి ఇంత గోల ఎందుకని ఎవరైనా అడగవచ్చు. బయటి దేశాలకు పోయే సువాసన బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ఐరోపా సమాఖ్య 2018 నుంచి అమలు చేస్తోంది. అంతకు ముందు ఉన్న హద్దులో ఇది నూరోవంతు. నా పది సెంట్ల పంట ఐరోపా దాకా పోదు. అయినా సువాసన బియ్యం కొనేవాళ్లు ఇప్పుడు మన దగ్గర కూడా మందు కొట్టారా అని అడుగుతున్నారు, కొట్టలేదంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తున్నారు. ఆ నాలుగు రూపాయల కోసమే కదా తట్టుకునే రకం వెతుక్కునేది.

అయిదు నక్షత్రాలకు ఈ సంచికి మూడు ఇస్తాను. విత్తన నాణ్యతకు, వాసనకు, ఆకు మీద తెగులును నిజంగానే ఆపినందుకు ఆ మూడూ. మెడ దగ్గర లొంగినందుకు ఒకటి, సంచి మీద ఆ సంగతి దాచినందుకు మరొకటి తగ్గించాను. దుకాణానికి నాలుగు ఇస్తాను. కొనాలనుకునేవాళ్లు, ఈనిక మొదలయ్యే రోజుల్లో ముసురు పట్టే అవకాశం ఉంటే మందు ఖర్చు కూడా లెక్కలో వేసుకొని కొనండి. అమ్మేవాళ్లను అగ్గి పడుతుందా అని అడగకండి, మెడవిరుపు పడుతుందా అని అడగండి. ఈ ఏడాది నేను అదే విత్తనం మూడు సెంట్లకే వేస్తున్నాను, పదిహేను రోజులు ముందుగా నారు పోసి, ముసురు రాకముందే ఈనుతుందేమో చూడాలని. పక్కన రెండు సెంట్లలో నెల్లూరు మసూరి ఉంటుంది. ఈసారి అన్ని రకాల మెడలూ లెక్కపెడతాను, జీరగ సాంబవి కూడా.